బుద్ధి, చైతన్యము, యంత్రము
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఈ సభలో విజ్ఞానవిషయముపై మాటలాడుటకు నాకు గల అర్హత స్వల్పము. నేను శాస్త్రజ్ఞుడను కాను. 1973లో లోయర్ డివిజన్ గుమాస్తాగా ఢిల్లీలో అడుగుపెట్టి, 2011లో సెక్షన్ ఆఫీసరుగా విశ్రాంతి పొందినవాడను. ముప్పది ఎనిమిది సంవత్సరములు ఫైళ్ళు చదివితిని, నోట్లు వ్రాసితిని. ఇప్పుడు ఆ రెండు పనులను యంత్రము చేయుచున్నదని మా మనుమడు నాకు చూపించినప్పుడు, నా వృత్తిని గూర్చి నాకే ఒక సందేహము కలిగినది. ఆ సందేహమునే మీ ముందుంచుచున్నాను.

మొదట పేరును గూర్చి ఒక మాట. ఈ విద్యకు ఇంగ్లీషున పేరు పెట్టినవారు అమెరికా గణితజ్ఞులు. 1956 వేసవిలో డార్ట్‌మత్ కళాశాలలో ఒక చిన్న గోష్ఠి జరిపి, దానికి ముందే, 1955లో వ్రాసిన అభ్యర్థనలో ఆ పదమును వాడిరి. మన పత్రికలు దానిని కృత్రిమ మేధ అనుచున్నవి. కృత్రిమ బుద్ధి అనియు కొందరందురు. నాకు రెండవ మాటయే నచ్చినది. ఏలననగా బుద్ధి అను శబ్దమును గూర్చి మన పూర్వులు చాల కాలము పోట్లాడుకొనిరి. ఆ పోట్లాటలోనికి తరువాత వత్తును.

1950వ సంవత్సరము నాకు రెండు కారణములచేత జ్ఞాపకము. ఆ ఫిబ్రవరిలో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు పరమపదించిరి. తిరుపతి వేంకట కవులు అవధానవిద్యను ఊరూర ప్రదర్శించిన కథలు మీలో పెద్దలు చాలమంది విని యుందురు. ఆ సంవత్సరమే అక్టోబరులో ఇంగ్లండున ఆలన్ ట్యూరింగ్ అను గణితజ్ఞుడు 'మైండ్' అను తాత్త్విక పత్రికలో ఒక వ్యాసము ప్రకటించెను. యంత్రము ఆలోచింపగలదా అను ప్రశ్నతో ఆ వ్యాసము మొదలగును. ఆలోచన యనగా నేమో తేలనిదే ఆ ప్రశ్నకు జవాబు తేలదు గనుక, ఆయన దానిని పక్కకు పెట్టి ఒక ఆటను సూచించెను. ఒక పృచ్ఛకుడు తెర కీవల కూర్చుండును. ఆవల ఒక మనుష్యుడు, ఒక యంత్రము. టైపు చేసిన ప్రశ్నలు పోవును, టైపు చేసిన జవాబులు వచ్చును. ఎవరు మనుష్యుడో పృచ్ఛకుడు తేల్చలేకపోయినచో, ఆ యంత్రమును ఆలోచించునదిగా ఒప్పుకొనుటకు మనకు అభ్యంతర మేమని ఆయన వాదము.

నేను పృచ్ఛకుడనుచున్నది అలంకారమునకు కాదు. ఆ వ్యాసములోని నమూనా ప్రశ్నలలో మొదటిది, ఒక వంతెనపై పద్యము వ్రాయుమనుట. దత్తపదులు, సమస్యలు విని పెరిగిన మనకు ఇది క్రొత్త గాదు. ట్యూరింగు కల్పించిన జవాబు మాత్రము వేరు. తనకు కవిత్వము చేతకాదు, ఆ పని తనకు వద్దు అని తెరవెనుకనున్న వ్యక్తి తప్పించుకొనును. తెలియనిదానిని తెలియదనుట మనుష్యలక్షణమని ఆయన భావించెను కాబోలు. నేటి యంత్రములకు ఆ లక్షణమే కొరవడినది. దానికి నా అనుభవము చెప్పుదును.

అంతకు ముందు ఒక తెలుగువారిని స్మరింపవలెను. ట్యూరింగు పేర ఏటేట ఒక బహుమానము కలదు. కంప్యూటరు శాస్త్రమున అంతకు మించిన గౌరవము లేదు. 1994లో దానిని ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి పొందినవారు దబ్బల రాజగోపాల రెడ్డిగారు. లోకము రాజ్ రెడ్డి యనును. 1937లో ఆనాటి చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించి, మద్రాసు గిండీ కళాశాలలో చదివి, 1966లో స్టాన్‌ఫర్డులో డాక్టరు పట్టము పొంది, తరువాత కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున యంత్రమునకు మనుష్యుల మాట వినిపించు విద్యను పెంపొందించిరి. ఈనాడు మీరు చేతిఫోనుతో నోట మాటలాడి పని చేయించుకొనునప్పుడు ఆ పరిశ్రమలో ఒక భాగము అనుభవించుచున్నారు.

ఇక యంత్రము ఎట్లు పనిచేయునో నాకు తెలిసినంత చెప్పెదను. చదరంగమున 1997లో కాస్పరోవును, గో అను ఆటలో 2016లో లీ సెడోలును ఓడించిన యంత్రముల కథలు పత్రికలలో మీరు చదివినవే. మాటలాడు యంత్రముల దారి వేరు. 2017లో గూగుల్ సంస్థకు చెందిన ఎనమండుగురు పరిశోధకులు ఒక పత్రము వెలువరించిరి. దాని శీర్షికకు తెలుగున అర్థము 'మీకు కావలసినది అవధాన మొక్కటే' అని. నిజముగా అవధానమే! ఆ ఇంగ్లీషు మాటకు అంతకంటె సరియైన తెలుగు లేదు. వాక్యములోని ప్రతి మాటయు తక్కిన మాటలలో దేనిని ఎంత గమనింపవలెనో అంకెలతో లెక్కకట్టుట దాని రహస్యము. 'కల' అను మాటను చూడుడు. 'రాత్రి కల వచ్చినది' అన్నప్పుడు అది స్వప్నము. 'బుద్ధి కలవాడు' అన్నప్పుడు కలిగియుండుట. చుట్టునున్న మాటలను గమనించినగాని ఏ 'కల'యో తెలియదు. ఇట్లు గమనించుచు, ఇంతవరకు వచ్చిన మాటలను బట్టి తరువాత ఏ ముక్క వచ్చుటకు ఎంత అవకాశమున్నదో యంత్రము గణించును. ఒక ముక్క వేసి మరల గణించును. అంతే. కోట్లాది పుటల వ్రాత చదివించి దానికి ఈ గణనమును నేర్పిరి. 2022 నవంబరు 30న సామాన్యుల చేతికి వచ్చిన చాట్ జీపీటీకి మూలము ఇదియే.

ఇది విన్నప్పుడు నాకు నిషిద్ధాక్షరి తలపునకు వచ్చినది. అవధాని ఒక అక్షరము చెప్పును. తరువాత ఏ అక్షరము వేయబోవుచున్నాడో పృచ్ఛకుడు ఊహించి, అదే వలదనును. అవధాని దారి మార్చుకొని మరియొక అక్షరము వేయును. మరల అదియు నిషేధము. ఆలోచించినచో, తరువాతి అక్షరమును ఊహించుటయే వృత్తిగా గల మన యంత్రము అవధానికంటె పృచ్ఛకునకే దగ్గరి చుట్టము. పదిమంది నడచిన బాట ఎటు పోవునో దానికి బాగుగా తెలియును. ఆ బాటను మూసివేసినప్పుడు అర్థము చెడకుండ, ఛందస్సు తప్పకుండ ప్రక్కకు తిరుగుట వేరొక శక్తి.

దీనిని పరీక్షింపవలెనను కోరికతో ఒక రాత్రి మనుమని ప్రక్కన కూర్చుండి, యమునానదిపై ఒక కందపద్యము చెప్పుమని యంత్రము నడిగితిని. రెప్పపాటులో నాలుగు పాదములు వ్రాసినది. క్రింద ఛందోవివరణము కూడ ఇచ్చినది. చదివి చూచితిని. ప్రాస రెండవ పాదముననే తప్పినది. యతి కుదరలేదు. గణములు లెక్కించుటయే దండుగ. తప్పు చూపితిని. మిక్కిలి వినయముతో క్షమాపణ చెప్పి, సరిచేసితినని చెప్పి, మరియొక తప్పు పద్యము వ్రాసినది. ఇట్లు ఐదుమారులు జరిగినది. ఒక్కమారైనను 'నాకు చేతకాదు' అనలేదు. క్రొత్తగా చేరిన గుమాస్తాలలో ఇట్టివారిని చూచితిని గాని, వారు మూడవమారు ఎరుపెక్కి తల వంచుకొందురు.

మా మనుమడు దీనికి కారణము చెప్పినాడు. యంత్రము అక్షరములను మనవలె చూడదు. 'స్త్రీ' అనునది మనకు ఒక అక్షరము. కంప్యూటరు సంకేతములో అది ఆరు గుర్తులు. ఒక్కొక్క తెలుగు గుర్తునకు మూడేసి బైట్లు చొప్పున పదునెనిమిది బైట్లు. ఇంగ్లీషు అక్షరమునకు ఒక్క బైటు చాలును. పైగా ఆ గుర్తులను యంత్రము తనకు అనువైన ముక్కలుగా కోసికొనును. ఆ కోతకు మన గురులఘువులతో సంబంధము లేదు. 2011 జనాభా లెక్కలలో ఎనిమిది కోట్లకు పైబడి తెలుగువారుండిరి. ఐనను యంత్రము చదివిన పుటలలో మన భాష పాలు అతిస్వల్పము. మన తాతలు వ్రాసినది మనము ఎక్కింపనిచో అది ఏమి చదువును? ఈ యంత్రములు నెలనెలకు మెరుగగుచున్నవి గనుక, వచ్చు సంవత్సరము సరియైన కందము వ్రాసినచో నేను ఆశ్చర్యపడను. అందుచేత పద్యము తప్పినదని సంతోషించువారితో నేను చేరను. సరియైన పద్యము వ్రాసిననాడు మనమేమందుము? అసలు ప్రశ్న అది.

నేను క్రొత్తగా చేరిన దినములలో మా సెక్షనున ఒక టైపిస్టు ఉండెడివారు. విదేశములనుండి వచ్చిన కాగితములకు ఫ్రెంచి అనుబంధము లుండెడివి. ఆయనకు ఫ్రెంచి ఒక్క ముక్క రాదు. కాని ఆయన టైపు చేసిన ప్రతిలో తప్పు దొరకెడిది కాదు. ఇంగ్లీషున తప్పులు చేయు మనిషి ఫ్రెంచిలో చేయకుండుట ఎట్లని అడిగితిమి. 'అర్థం తెలిస్తే మనసు పరుగెత్తుతుందండీ, వేళ్ళు తప్పుతాయి' అనెను. చాల కాలమునకు జాన్ సెర్ల్ అను అమెరికా తాత్త్వికుడు 1980లో చెప్పిన ఉపమానము చదివి, మా టైపిస్టును తలచుకొంటిని. చైనాభాష రానివాడొకడు గదిలో కూర్చుండి, నియమముల పుస్తకము చూచి, చైనాభాషలో వచ్చిన ప్రశ్నలకు చైనాభాషలోనే జవాబులు కూర్చి పంపుచుండును. బయటివారు అతడు పండితుడనుకొందురు. అతనికి ఒక్క మాట తెలియదు. యంత్రము అట్టిదని సెర్ల్ వాదము. గదిలోని మనిషికి తెలియకున్నను గది మొత్తమునకు తెలిసినట్లే కదా అని ఎదుటివారి వాదము. నలుబదియేండ్లు దాటినను ఆ వ్యాజ్యము తెగలేదు.

ఇప్పుడు మన పూర్వుల పోట్లాట. సాంఖ్యులు బుద్ధిని ప్రకృతినుండి పుట్టిన తత్త్వముగా చెప్పుదురు. ఇది ఇట్టిది అని నిశ్చయించుట దాని పని. ఐనను అది జడము! చైతన్యము పురుషునిది. పురుషుని సాన్నిధ్యముచేత జడమైన బుద్ధి చేతనమువలె తోచును. నైయాయికులు దీనిని ఒప్పరు. బుద్ధి యన్నను, ఉపలబ్ధి యన్నను, జ్ఞాన మన్నను ఒకటే యని గౌతముని న్యాయసూత్రము. తెలియుట అనునది ఆత్మగుణము. తెలియనిదానికి బుద్ధి ఎక్కడిదని వారి ప్రశ్న. చార్వాకులు ఈ ఇరువురిని చూచి నవ్వుదురు. పులియబెట్టినప్పుడు ద్రవ్యములలో లేని మత్తు పుట్టినట్లు, భూతములు తగురీతిని కలిసినప్పుడు చైతన్యము పుట్టుననిరి. చార్వాకుని మాట నిజమైనచో, ఇసుకనుండి తీసిన సిలికానును తగురీతిని కూర్చినప్పుడు చైతన్యము ఏల పుట్టకూడదు? సాంఖ్యుడు నిజమైనచో యంత్రమునకు బుద్ధి యుండవచ్చును, చైతన్యము లేకపోవచ్చును. అందులో వైరుధ్యమే లేదు. నైయాయికుని లెక్కలో ఆ యంత్రమునకు బుద్ధియను పేరే చెల్లదు. ఈనాటి విదేశ విశ్వవిద్యాలయములలోని మూడు పక్షములు ఇంచుమించు ఇవియే యని నాకు తోచినది. మనవారు యంత్రమును కనిపెట్టిరని నేను చెప్పుట లేదు, అపార్థము చేసికొనవలదు. ప్రశ్నను విడదీయుట మాత్రము మనవారు చక్కగా చేసిరి.

శాస్త్రజ్ఞులు దీనిని తేల్చిరా? 1998లో క్రిస్టాఫ్ కాఖ్ అను మెదడుశాస్త్రజ్ఞుడు, డేవిడ్ చామర్స్ అను తాత్త్వికుడు పందెము వేసికొనిరి. ఇరువదియైదేండ్లలో చైతన్యమునకు మెదడులోని మూలము స్పష్టముగా తేలునని కాఖ్, తేలదని చామర్స్. 2023 జూనులో న్యూయార్కు సభలో కాఖ్ ఓటమి నొప్పుకొని మద్యపు సీసాలు సమర్పించెను. అదే సంవత్సరము ఆగస్టులో 19 మంది పండితులు కలిసి ఒక నివేదిక వెలువరించిరి. అప్పటి యంత్రములలో ఏదియు చైతన్యవంతమనదగినది కాదనియు, అట్టిదానిని నిర్మించుటకు స్పష్టమైన సాంకేతిక ప్రతిబంధకములు మాత్రము కనబడుట లేదనియు దాని సారము. మన నోటు భాషలో చెప్పవలెనన్నచో, ఫైలు పెండింగు.

పెండింగులో నున్నను మనుష్యులు ఆగరు. 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ అను ఆచార్యుడు ఎలైజా అను చిన్న కార్యక్రమమును ప్రకటించెను. మీరు చెప్పిన మాటనే త్రిప్పి ప్రశ్నగా అడుగుట దాని విద్య. దానిని ఆయన తయారుచేయుట కన్నులార చూచిన ఆయన కార్యదర్శినియే, దానితో కొంతసేపు సంభాషించి, తమరు గదినుండి బయటికి వెళ్ళుదురా అని ఆయన నడిగెను. ఆ ఆచార్యుడు దానితో భయపడెను. తరువాతి కాలమంతయు, యంత్రము చేయగలిగినను దానికి అప్పగింపరాని పనులు కలవని బోధించుచు గడపెను. వినువా రంతగా లేకపోయిరి.

ఆయన భయము నాకు మా అప్పగారివలన అర్థమైనది. మా బావగారు కేంద్రప్రభుత్వ కొలువులో నుండి పోయిరి. అప్పగారికి కుటుంబ పింఛను వచ్చును. సజీవముగా నున్నట్లు ఏటేట నవంబరులో ప్రమాణము చూపవలెనని మీకు తెలియును. కొన్నియేండ్ల క్రిందట ఆమె ఎప్పటివలెనే ఒక కార్యాలయమునకు పోయెను. దాని పేరు అప్రస్తుతము. వ్రేలిముద్ర యంత్రముపై పది వ్రేళ్ళును ఒకటి తరువాత ఒకటి పెట్టించిరి. ఎనుబదియేండ్ల చేతులు, రోలు, రోకలి, బావిత్రాడు రేఖలను ఏనాడో అరగదీసినవి. యంత్రము ఆమెను గుర్తింపలేదు. కన్ను చూపించిరి. శుక్లముల శస్త్రచికిత్స జరిగిన కన్ను, అదియు కుదరలేదు. అక్కడి ఉద్యోగి చిన్నవాడు, మర్యాదస్థుడే. 'యంత్రం ఒప్పుకోవడం లేదు మామ్మగారూ, నేనేం చేయను?' అనెను. మా అప్పగారు, 'నాయనా, నేను బతికే ఉన్నానని నువ్వు నమ్ముతున్నావా, లేదా?' అని అడిగెను. అతడు, 'నేను నమ్మితే లాభం లేదండీ' అనెను.

చేతివ్రాత ప్రమాణపత్రమును అధికారి సంతకముతో స్వీకరించు వీలు నిబంధనలలో ఉన్నను, ఆనాడు ఆ సంతకము చేయువారు దొరకలేదు. నాలుగు మాసములు పింఛను నిలిచినది. నేను ఉత్తరములు వ్రాసిన మీదట బకాయిలతో వచ్చినది. డబ్బు వచ్చినది గాని ఆమె ఆ మాటను మరువలేదు. 'వాడు నన్ను చూస్తూనే అన్నాడురా' అని ఇప్పటికిని అనును.

నేను ఆ పిల్లవానిపై కోపముతో మండిపడితిని. కోపము చల్లారిన తరువాత నాకొక పాత ఫైలు గుర్తునకు వచ్చినది. 1980వ దశకమున ఒక నాలుగవ తరగతి ఉద్యోగి భార్య అర్జీ నా బల్లమీదికి వచ్చినది. ఒక కాగితమున ఆమె పేరు ఒక విధముగా, మరియొకదానిలో ఇంకొక విధముగా ఉండెను. ఆమె రెండుమారులు స్వయముగా వచ్చి నా బల్ల ఎదుట నిలిచెను. ఆమె ఎవరో నాకు లేశమైనను సందేహము లేదు. ఐనను 'పేరులో వ్యత్యాసము. నిబంధన ననుసరించి త్రిప్పి పంపదగును' అని నోటు వ్రాసితిని. నా పైయధికారి దానిని మెచ్చుకొనెను. అప్పుడు మా సెక్షనున కంప్యూటరు లేదు. నేనే ఉంటిని.

ఇంతవరకు వినిన మీదట, యంత్రమును వలదనుచున్నానని మీరనుకొనవచ్చును. 1960వ దశకపు చివర కలకత్తాలో జీవితబీమా ఉద్యోగులు కంప్యూటరును లోనికి రానీయక కావలి కాచిరి. వారి భయము అర్థము లేనిది కాదు. కాని యంత్రము వచ్చినది, టైపిస్టుల కొలువులు పోయినవి, వేరు కొలువులు వచ్చినవి. ఇప్పుడు వచ్చుచున్నదానిని కూడ కావలితో ఆపలేము. నేను అనువాద విభాగమువారితో పనిచేసినవాడను గనుక ఒక ఉదాహరణ చెప్పుదును. యంత్రానువాదము తొలిదినములలో సభాకార్యక్రమపు 'మినిట్స్' అను మాటకు 'నిమిషములు' అని వ్రాసి మమ్ము నవ్వించెడిది. ఇప్పుడు నవ్వించుట తగ్గినది. తప్పు చేసినను నున్నని భాషలో చేయును గనుక పట్టుకొనుట కష్టమైనది. 1990వ దశకమున హైదరాబాదు విశ్వవిద్యాలయమున అనుసారక అను పేర తెలుగు మొదలగు భాషలనుండి హిందీకి ఒక పద్ధతి నిర్మింపబడినది. కాన్పూరు ఐ.ఐ.టి.లో పుట్టిన పద్ధతి యది. యంత్రము తనకు నిశ్చయముగా తెలిసినంత చేసి, సందిగ్ధమైనదానిని కప్పిపుచ్చక చదువరి యెదుట ఉంచవలెనని దాని నిర్మాతల ఉద్దేశము. దాని హిందీ వినసొంపుగా ఉండెడిది కాదు. చదువరి కొంత శ్రమపడవలసి వచ్చెడిది. నున్నని యంత్రములు వచ్చిన తరువాత దానిని తలచువారు తక్కువ. పింఛను కార్యాలయములోని యంత్రము ఆ పద్ధతిని పాటించియుండినచో, 'గుర్తింపబడలేదు' అనుటకు బదులు 'నాకు తేలలేదు, మీరు చూడుడు' అనియుండును. అప్పుడు ఆ పిల్లవాడు చూచియుండునేమో.

మన సభ్యులలో ఇప్పుడు కొలువులో నున్న యువకులు పలువురున్నారు. మీ నోట్లను యంత్రముచేత వ్రాయించుచున్నారని నాకు తెలియును. మీ నోట్లలో ఇంగ్లీషు ఇటీవల చాల బాగుపడినది. వ్రాయించుకొనుడు. కాని ఆ నోటుక్రింద సంతకము చేయునది మీరే. ఆ అర్జీదారు ఎవరో మీకు తెలిసియున్నచో ఆ మాట కూడ రెండు పంక్తులలో మీ చేతితో చేర్చుడు. నియమము వ్యతిరేకముగా నున్నను చేర్చుడు. పైవారు కొట్టివేసినచో కొట్టివేయనిండు, ఫైలున ఉండును. నా ఫైలున ఆ రెండు పంక్తులు లేవు.

మా అప్పగారి వయస్సు ఇప్పుడు ఎనుబదినాలుగు. పోయిన నవంబరున నేనే తోడుండి తీసికొనిపోతిని. ఈమారు ముఖము చూచు యంత్రము పెట్టిరి. కన్నులు ఆర్పుమనినది, ఆర్పినది. ఆకుపచ్చ గుర్తు వెలిగినది. 'ఈ ఏడు దయ కలిగింది' అనుచు చీర చెరగు సర్దుకొని లేచినది.

కార్యదర్శిగారు గడియారము చూపుచున్నారు. మన బాలబాలికలు నృత్యమునకు గజ్జెలు కట్టుకొని చాలసేపటినుండి వేచియున్నారు. సెలవు.